మా అమ్మాయి ముందున్న నాలుగు గ్లాసులు

"ఏమ్మే, పిల్లకు అలవాట్లేమీ లేవు గదా? ప్రొద్దుటూరోళ్లు అడుగుతాండారు."

మా పెద్ద ఆడబిడ్డ ఫోన్ చేసి ఈ మాట అడిగినప్పుడు నేను పొయ్యి మీద సంగటి కెలుకుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "అయ్యో వదినా, మా పిల్లకా! టీ కూడా తాగదు" అనేశాను. ఆడపిల్ల తల్లి నోట్లో ఈ జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆలోచించి చెప్పేది కాదు.

ఆ రాత్రి మా పాపకు ఫోన్ చేసి నవ్వుతూ ఈ సంగతి చెప్పాను. తను నవ్వలేదు. కాసేపు ఆగి, "అమ్మా, ఒకసారి బెంగుళూరు రా. ఫోన్లో చెబితే నువ్వు ఇంకేదో ఊహించుకుంటావు. చూపిస్తాను" అంది. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. ఎవరో అబ్బాయి సంగతేమో అనుకున్నాను. తీరా చూస్తే అబ్బాయి కాదు, బీరు.

మా పాపకు 24 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకో రెండు నెలలకో ఒక శనివారం స్నేహితురాళ్లతో కలిసి, బీరు తయారుచేసే చోట్లకు వెళ్లి రకరకాల బీర్లు రుచి చూడటం తనకు సరదా అట. కొందరు ఊరూరా బిర్యానీ హోటళ్లు తిరిగి ఎక్కడ బాగుందో చెబుతారు చూడండి, అట్లాగ.

ఈ చోట్లను మైక్రోబ్రూవరీలు అంటారు. పెద్ద పెద్ద పాత్రల్లో అక్కడే బీరు తయారుచేసి, అక్కడే గ్లాసుల్లో పోసి ఇస్తారు. బెంగుళూరు ఇందిరానగర్‌లో టాయిట్ అనేది 2010లో మొదలైంది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఇట్లాంటివి చాలా వచ్చాయి. తెలంగాణలో 2015లో వీటికి నిబంధనలు తెచ్చాక హైదరాబాదులోనూ మొదలయ్యాయి. మా డోన్‌లో అట్లాంటివి లేవు. ఇక్కడ బీరంటే కటకటాల లోపలి నుంచి చేయి చాచి ఇచ్చే సీసా, దాన్ని చుట్టిన నల్ల కవరు, అటూ ఇటూ చూసి బండి డిక్కీలో పెట్టుకునే మగవాడు. అంతే నాకు తెలిసింది.

ఇంకొకటి కూడా తెలుసు. అది చెప్పకపోతే నేనెందుకు భయపడ్డానో మీకు అర్థం కాదు.

మా చిన్నాయన సారా తాగేవాడు. ప్యాకెట్ పంటితో కొరికి నిలబడి తాగేసి, ఖాళీది అక్కడే పారేసేవాడు. మా చిన్నమ్మ కూలి డబ్బులు కొర్రబియ్యం డబ్బా అడుగున దాచేది. ఆయన డబ్బా బోర్లించి తీసుకుపోయేవాడు. నేల మీద పడిన బియ్యం నేనూ చిన్నమ్మా కూర్చుని ఏరేవాళ్లం. ఆమె ఏడ్చేది కాదు. రాళ్లు ఏరినట్టు నిదానంగా ఏరేది. ఇప్పటికీ బియ్యం కింద పడితే నా కడుపులో ఏదో అవుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడిని ఊరి నుంచి తరిమారని పేపర్లో వచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, సారా గురించిన పాఠం చదువుకుని, మన కథే గదా ఇది అని లేచారు. రోశమ్మ పేరు మా వీధిలో కూడా వినిపించింది. ఆ గొడవ రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అప్పటి ముఖ్యమంత్రి మా కర్నూలు జిల్లాకు చెందిన కోట్ల విజయభాస్కరరెడ్డి గారే. తర్వాత ఎన్టీ రామారావు గారు వచ్చి 1995 జనవరి 16 నుంచి మద్యపాన నిషేధం అమలు చేశారు. 1997లో అది సడలిపోయింది. మా చిన్నాయన దానికన్నా ముందే పోయాడు. కాబట్టి మద్యం పేరు చెబితే నా కళ్ల ముందుకు బోర్లించిన డబ్బానే వస్తుంది. నా తప్పు కాదు.

అట్లాంటి నేను రాత్రి రైలెక్కి పొద్దున్నే బెంగుళూరులో దిగాను. శనివారం నాలుగు గంటలకు పాప నన్ను అక్కడికి తీసుకెళ్లింది. నేను మంచి చీరే కట్టుకున్నాను. గుడికి పోయినట్టున్నావని నవ్వింది.

లోపలికి పోగానే నా ముక్కుకు తగిలింది బీరు వాసన కాదు. రాగి మాల్ట్ కాచినప్పుడు వచ్చే కమ్మటి వాసన. నిజంగానే ఆశ్చర్యపోయాను. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి మాకు పాత్రలన్నీ చూపించింది. బార్లీ గింజలు నానబెట్టి, మొలక రాగానే ఎండబెడతారు. మనం పిల్లలకు రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలకెత్తాక నీడలో ఆరబెట్టి పిండి పట్టించమా? అదే పని. ఆ ఎండిన గింజను పలగ్గొట్టి 65 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో నానబెడితే అందులోని పిండి చక్కెరగా మారి నీళ్లు తియ్యగా అవుతాయి. ఆ తీపి నీళ్లు వడగట్టి, హాప్స్ అనే తీగకు పూసే పూలు వేసి గంటసేపు మరిగిస్తారు. చేదు, వాసన ఆ పూలవల్లే. చల్లార్చి ఈస్ట్ కలిపితే అది ఆ తీపిని తిని మద్యంగా మారుస్తుంది. మిగిలిన పిప్పి పశువులకు మంచి మేత అట.

"ఈస్ట్‌కు వేడి ఎక్కువైతే రుచి చెడిపోతుంది ఆంటీ, తక్కువైతే పని చెయ్యదు" అంది ఆ అమ్మాయి. నాకు నవ్వొచ్చింది. మా డోన్ ఎండాకాలంలో దోసె పిండి మధ్యాహ్నానికే పులిసి గిన్నె దాటి పొర్లుతుంది. డిసెంబరులో అయితే దుప్పటి కప్పినా పొంగదు. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నదీ ఆ లెక్కే.

తర్వాత బల్ల దగ్గర కూర్చున్నాం. ఒక చెక్క పలక మీద నాలుగు చిన్న గ్లాసులు తెచ్చి పెట్టారు. ఒక్కోటి వంద మిల్లీలీటర్లు, మన కాఫీ గ్లాసంత ఉంటుంది. మొత్తం తాగనక్కర్లేదు, రుచి చూసి వదిలేయొచ్చు. "నీకు ఇష్టమైతేనే అమ్మా, వాసన చూసినా చాలు" అంది పాప.

నేను వాసన చూశాను. చెప్తున్నాను, దాచను. ఒక్కోదానిలో పెదవి తడిసేంత రుచి కూడా చూశాను.

మొదటిది లాగర్. లేత పసుపు, తేలిక. దీన్ని చల్లగా ఉంచి వారాల తరబడి నిదానంగా పులియబెడతారు. రెండోది గోధుమలు కలిపి చేసిన బీరు. మబ్బుగా, కలిపిన మజ్జిగ మీది తేటలా ఉంది. అందులో బాగా మగ్గిన అరటిపండు, లవంగం వాసన వచ్చింది. "ఇందులో లవంగం వేశారా?" అని అడిగితే పాప మొహం వెలిగిపోయింది. అరటిపండూ వెయ్యలేదు, లవంగమూ వెయ్యలేదు. ఆ రకం ఈస్టే ఆ వాసనలు పుట్టిస్తుంది. మూడోది ఇండియా పేల్ ఏల్. హాప్స్ పూలు దండిగా వేస్తారు, కాకరకాయ ఉడికించిన నీళ్లంత చేదు. వెనకటికి ఇంగ్లండు నుంచి మన దేశంలోని తెల్లవాళ్లకు ఓడల్లో పంపిన బీరు ఈ రకంది, అందుకే ఆ పేరు. నాలుగోది స్టౌట్, నల్లగా కషాయంలా ఉంది. బాగా మాడ్చి వేయించిన బార్లీ వల్ల కాఫీ గింజల వాసన. మా జేజి జొన్నలు మాడ్చి కాచిన కాఫీ గుర్తొచ్చింది.

నాకు ఏదీ నచ్చలేదు. కానీ నా ముక్కు నాలుగింటికీ తేడా పట్టింది. పాప స్నేహితురాళ్లు "ఆంటీ, మేం ఆరు నెలలకు నేర్చుకున్నది మీరు పది నిమిషాల్లో చెప్పేశారు" అన్నారు. ఇరవై ఏళ్ల పోపు వాసనలకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది. సంతోషం వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

అక్కడే పాప ఒక సంగతి చెప్పింది. బయోకాన్ కిరణ్ మజుందార్ షా గారు మొదట చదువుకున్నది బీరు తయారీయే. 1975లో ఆస్ట్రేలియాలో ఆ చదువు పూర్తి చేసి బెంగుళూరు వస్తే, బ్రూమాస్టర్ ఉద్యోగం మగవాళ్ల పని అని ఎవరూ ఇవ్వలేదు. ఆ పులియబెట్టే విద్యతోనే 1978లో బయోకాన్ పెట్టారు. అంతకన్నా వెనక్కి పోతే, ఇంగ్లండులో కొన్ని వందల ఏళ్ల క్రితం ఇంట్లో బీరు కాయడం ఆడవాళ్ల పనే. నాలుగువేల ఏళ్ల కిందటి సుమేరు వాళ్లకైతే బీరుకు నింకాసి అనే దేవతే ఉండేది. పని పెద్దదై డబ్బు రావడం మొదలయ్యాక మగవాళ్ల చేతికి పోయింది. మన దగ్గర వంట చూడండి. ఇంట్లో మూడు పూటలా వండేది మనం, పెళ్లికి డబ్బులిచ్చి పిలిచేది వంటమాస్టర్ని.

ఇంతవరకు చదివి, ఈమె కూడా మారిపోయింది, బీరు మంచిదని రాస్తోంది అనుకుంటున్నారేమో. ఆగండి. నాకు లెక్కలు వచ్చు.

ఆ సాయంత్రం పాపతో ఒక కాగితం మీద లెక్క వేయించాను. గ్లాసులో వంద మిల్లీలీటర్లు, అందులో మద్యం సుమారు ఐదు శాతం అనుకుందాం. అంటే ఐదు మిల్లీలీటర్లు, ఒక టీ చెంచా. నాలుగు గ్లాసులూ తాగితే నాలుగు చెంచాల మద్యం. మన వైన్ షాపులో అమ్మే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా, ఎనిమిది శాతం వరకూ ఉంటుంది. అంటే పది చెంచాలు. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అది పదిహేను చెంచాలు. గ్లాసు ఎంత అందంగా ఉన్నా, చెక్క పలక మీద పెట్టినా, లోపల ఉన్నది మా చిన్నాయన ప్యాకెట్లో ఉన్నదే. కొలతే తేడా. మద్యం ఏ కొలతలోనూ ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ మాట పాపకు చెప్పాను. "తెలుసమ్మా, అందుకే రుచి చూసి వదిలేస్తాను" అంది. నిజంగానే ఆ స్టౌట్ సగం గ్లాసులోనే ఉండిపోయింది.

మరి నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, మనం ఇళ్లలో తాగుడు గురించి అడిగే ప్రశ్నే తప్పు.

అలవాట్లు ఉన్నాయా అని అడుగుతాం. అబ్బాయి విషయంలో "ఫ్రెండ్స్‌తో ఎప్పుడైనా" అంటే నవ్వి ఊరుకుంటాం. ఏ పెళ్లికి పోయినా కల్యాణమండపం వెనక కార్ల మధ్య పెళ్లికొడుకు స్నేహితులు ఏం చేస్తుంటారో మనందరికీ తెలుసు. వాళ్లకు మంచింగ్‌కని పచ్చి మిరపకాయ బజ్జీలు ప్లేట్లో పెట్టి పంపేది మనమే. అదే అమ్మాయి ఒక గ్లాసు ముట్టిందంటే పెంపకం దగ్గర్నుంచి మొదలుపెడతాం. ఒంటికి చెడ్డదైతే ఇద్దరికీ చెడ్డది. వయసు సరదా అయితే ఇద్దరికీ సరదా. ఇంకో లెక్క ఎక్కడుంది?

మా చిన్నమ్మను నాశనం చేసింది తాగుడొక్కటే కాదని ఇన్నాళ్లకు నాకు అనిపిస్తోంది. ఆయన ఎంత తాగుతాడు, ఎవరి డబ్బుతో తాగుతాడు, తాగి ఏం చేస్తాడు అని ఆమె ఒక్కసారి కూడా అడగలేకపోయింది. అడిగే హక్కు ఆ ఇంట్లో ఆమెకు లేదు. దూబగుంట ఆడవాళ్లు సాధించింది ఆ హక్కునే. ఇంటి డబ్బు దేనికి పోతోందో మేం అడుగుతాం అన్నారు. ఆ హక్కు వాడుకుని మన ఆడపిల్లల నోరు మూయించడం వాళ్ల పోరాటానికి మర్యాద కాదు.

కాబట్టి నేను మా పాపను నాలుగు ప్రశ్నలు అడిగాను. ఎవరి డబ్బు? తనదే. నెలకు దీనికి ఎంత పెడుతున్నావు? చెప్పింది. నా కళ్లు తిరిగాయి, ఆ డబ్బుతో మంచి నూలు చీర వస్తుంది. అయినా ఇంటికి పంపేది పంపి, దాచుకునేది దాచుకున్నాక ఖర్చు పెట్టే డబ్బే. ఇంటికి ఎట్లా వస్తావు? అందరూ కలిసి క్యాబ్‌లో, ఎవరూ బండి తేరు. చివరిది అడగడానికి కష్టమైంది. బాధగా ఉన్నప్పుడు, ఒక్కదానివే ఉన్నప్పుడు తాగాలనిపిస్తుందా?

పాప వెంటనే జవాబు చెప్పలేదు. "ఒకసారి అనిపించింది అమ్మా, పోయినేడు ఉద్యోగంలో ఇబ్బంది వచ్చినప్పుడు. భయమేసి నీకు ఫోన్ చేశాను. నువ్వు గంటసేపు మాగాయ పచ్చడి గురించి చెప్పావు" అంది.

నాకు ఆ ఫోను గుర్తుంది. తను ఎందుకు చేసిందో ఆ రోజు నాకు తెలియదు. "మా పిల్ల టీ కూడా తాగదు" అని ఊరంతా చెప్పుకుని, నిజం తెలిసిన రోజు ఇల్లెగిరిపోయేలా అరిచే తల్లినైతే, ఇంకోసారి ఆ ఫోను నాకు వస్తుందా? నాకు కావలసింది ఆ ఫోను. పరువు దాని తర్వాతే.

డోన్ వచ్చాక మా ఆయనకు చెప్పాను. అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఆడపిల్ల అట్లాంటి చోట కూర్చోవడమేంది? నువ్వు పక్కన కూర్చుని చూసొచ్చినావా?" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. బేతంచెర్ల వైపు నాపరాళ్ల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. నెలకోసారి స్నేహితులతో కూర్చుని, యాలక్కాయ నములుతూ ఇంటికి వస్తారు. ఇరవై ఐదేళ్లుగా ఆ యాలకుల వాసన నాకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ అనలేదు. ఆ రోజు మాత్రం, "మీకన్నా మీ కూతురు నయం. యాలక్కాయ నమలకుండా చెప్పింది" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పాపకు ఫోన్ చేసి, అంతా విన్నాక, "రాత్రి పూట జాగ్రత్త" అని మాత్రం అన్నారు. ఆయన దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఫోన్ చేశారు.

ఇక మిగిలింది ప్రొద్దుటూరు సంబంధం. ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే అయిపోయేది. నిజం చెప్పాలంటే రెండు రోజులు అట్లాగే ఊరుకున్నాను కూడా. పాపే, "పెళ్లయ్యాక నేను కూడా యాలక్కాయ నమలాలా అమ్మా?" అని అడిగింది. ఇంకేం చెప్పను?

ఆడబిడ్డకు ఫోన్ చేశాను. "వదినా, ఆ రోజు నేను తెలియక చెప్పినాను. పాప ఎప్పుడైనా స్నేహితురాళ్లతో ఒకటి రెండు గుక్కలు బీరు రుచి చూస్తుంది. దాచి పెళ్లి చెయ్యడం మాకు ఇష్టం లేదు. ఆ మాట వాళ్లకు చెప్పు. అట్లాగే ఆ అబ్బాయికి ఏమున్నాయో కూడా అడుగు. ఉంటే ఎంత, ఎన్నాళ్లకు, ఎవరితో, అన్నీ అడుగు" అన్నాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు. "అబ్బాయిని ఎట్లా అడుగుతాం మే?" అంది చివరకు.

"మనల్ని అడిగినట్టే వదినా" అన్నాను.

వాళ్ల దగ్గర్నుంచి ఇంకా ఫోను రాలేదు. రాకపోవచ్చు కూడా. పాప వచ్చే నెల ఇంటికి వస్తోంది. ఈలోగా బార్లీ తెప్పించి నానబెట్టాను, మొలకొచ్చింది, ఇవాళ నీడన ఆరబోశాను. కంగారు పడకండి, మాల్ట్ పొడికే. పాలలో కలిపి ఇస్తే మా ఆయనకు బాగా నచ్చుతుంది.